పచ్చల పతకం, పసుపు నీళ్లు

పదకొండు దాటి ఐదు నిమిషాలైంది. పెళ్లిపిల్ల పిన్ని మేఘా పతకం తీసుకుపోవడానికి పదకొండున్నరకి వస్తానంది, ముహూర్తం పన్నెండూ ఇరవైకి. అంటే ఇంకా ఇరవై ఐదు నిమిషాలు నేను ఈ బిల్డింగు మూడో మాళా మీద నా ఒంటిగది ఖోలీలో తలుపు దగ్గరకేసుకుని, ఒళ్లో ఇత్తడి గిన్నె పెట్టుకుని కూర్చోవచ్చు. ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు, కాదు, తెలుసు, తెలియదని నాకు నేను చెప్పుకుంటున్నాను. కింద గల్లీలో బ్యాండువాళ్లు దిగారు, ఒక్కొక్క దెబ్బ వేసి డప్పు బిగువు చూసుకుంటున్నారు. గిన్నెలోకి చూడకూడదనుకుంటాను, చూస్తాను. నిన్న సాయంత్రం దాకా ఏడు పచ్చరాళ్లు, నడిమిది చింతగింజంత, చుట్టూ ఆరు చిన్నవి, లేత వేపాకు రంగు. ఇప్పుడు నడిమిది నల్లబడింది, ఒక అంచున మాత్రం మసక పచ్చ మిగిలింది, చిన్నవాటిలో నాలుగు పూర్తిగా పోయాయి. మూడు పేటల ముత్యాలూ పసుపు తాగి గారపట్టిన పళ్లలా అయ్యాయి. బంగారం మాత్రం ఏమీ ఎరగనట్టు మెరుస్తోంది. నేనే చేశాను. ఈ చేతులతోనే, ఎంతో శ్రద్ధగా, మంచి చేద్దామని చేశాను, తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తోంది.

నా సొమ్మైతే ఇంత ఏడుపు లేదు, పోయిందే అనుకుని అటక మీద పారేసేదాన్ని. ఇది బిల్డింగుది. ఇక్కడ పుట్టిన ప్రతి ఆడపిల్లా, ఇక్కడికి కోడలిగా వచ్చిన ప్రతి పిల్లా ఈ పతకం మెడలో వేసుకునే పెళ్లిపీటల మీద కూర్చుంటుంది. పాలమూరు నించి వచ్చిన మా వాళ్లు రాళ్లు మోసి, సున్నం కలిపి ఈ ఊళ్లో మేడలు లేపిన కాలంలో దుర్గయ్య మేస్త్రీ తన ఒక్కగానొక్క కూతురి పెళ్లికని చేయించాడట. పెళ్లికి తొమ్మిది రోజులుందనగా ఆ పిల్ల జ్వరమొచ్చి పోయింది. మేస్త్రీ పెళ్లాం కొన్నాళ్లు దాన్ని కొంగులో కట్టుకుని తిరిగి, ఒకనాడు పెట్టెలో పెట్టి తెచ్చి నలుగురి ముందూ పెట్టి, "నేనొక్కదాన్నే దీన్ని సూస్కుంట ఏడ్సుడెందుకు, మన పోరిలందరు పెట్టుకోని," అన్నదట. మా అత్త లచ్చమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ మాట దగ్గర గొంతు మార్చేది, తనే ఆ తల్లి అయినట్టు. పెట్టె ఒక ఇంట్లో ఉంటుంది, ఆ ఇంటి ఆడది దాన్ని కాపాడుతుంది, పెళ్లినాడు తన చేత్తో పిల్ల మెడలో పెట్టి వెనక పట్టుదారం ముడి వేస్తుంది. లచ్చమ్మ చేతి నించి నా చేతికొచ్చి పంతొమ్మిదేళ్లు. ఇచ్చేటప్పుడు రెండే మాటలు చెప్పింది. నీళ్లు సూపియ్యకు. ఇంట్ల ఎవరికన్న పానం మీదికొస్తే, పోకముందే పెట్టె పక్కింటికి పంపు, మైల అంటనియ్యకు. రెండే. రెండూ తప్పాను.

రెండోది ముందు తప్పాను. మాఘమాసంలో మా ఆయన బుచ్చన్న మంచాన పడ్డాడు, ఇదిగో ఈ మంచమే, ఇప్పుడు దీని మీద పరుపు లేదు, చెక్కల మీద నా చీరలు మడిచి పెట్టుకున్నాను. సంచులు కుట్టే కార్ఖానాలో నలభై ఏళ్లు మిషను తొక్కిన మనిషి కాళ్లు కదపలేక పడుకుంటే అవి ఎవరివో కాళ్లలా కనిపించేవి. ఆస్పత్రివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇంటికి తీసుకుపొమ్మంటే తగ్గిందనే నేను అనుకున్నాను, అనుకోకపోతే ఎలా, ఆ రోజు ఆయన రెండు చెంచాల జావ తాగాడు, రేడియో పెట్టమన్నాడు. ఆ సాయంత్రమే మొదటి మాళా సపన వచ్చింది. వచ్చి గడప బయటే నిలబడి, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, "అక్కా, ఏమనుకోకు, పెట్టె కొన్ని రోజులు మా ఇంట్ల పెడుదునా?" అంది. తప్పేముంది అందులో? రివాజు ప్రకారం నేను చేయాల్సిన పని తను గుర్తు చేసింది, అదీ మెల్లగా, కళ్లు దించుకుని. నా ఒంట్లో నిప్పు పుట్టింది. "ఎందుకే? మా ఇంట్ల ఎవరు సచ్చిన్రని?" అన్నాను. గ్యాలరీ అంతా వినపడేలా అన్నాను. ఎదురింటి తలుపు తెరుచుకుని మూసుకుంది. సపన ముఖం ఎర్రబడింది, మెట్లు దిగిపోయింది. లోపలికి వస్తే ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. "ఇయ్యరాదే తారా," అన్నాడు, "పెట్టెనే గదా."

ఇవ్వలేదు. పెట్టె ఇవ్వడమంటే ఆయన పోతాడని నా నోటితో నేను ఒప్పుకోవడం, అది ఆయనకీ తెలుసు, తెలిసే ఇవ్వమన్నాడు. నన్ను ఒప్పించడానికి ఆయనకి ఇంక వేరే మాట దొరకలేదు. నాలుగో రోజు పొద్దున పోయాడు. అటక మీద పెట్టె ఆయన తలకి సరిగ్గా పైన ఉంది. దినాలప్పుడు ఇల్లంతా కడిగాం, గిన్నెలు తోమాం, పరుపు పారేశాం, గోడలకి సున్నం కొట్టించాను. అటక వైపు ఒక్కరూ చూడలేదు, పెట్టె సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తకపోతే నాకు హాయిగా ఉంటుందనుకున్నారేమో. ఈ నాలుగు నెలలు గ్యాలరీలో బట్టలారేస్తుంటే ఆడవాళ్లు మాటలాపి, నేను దాటాక మొదలుపెట్టేవారు. గిన్నెలోంచి దారం చుక్కలు కారుతోంది, ఇంకా తడి ఆరలేదు. పదకొండు దాటి పన్నెండు నిమిషాలు.

నిన్న సాయంత్రం మేఘా వచ్చింది. సపన చెల్లెలు, మంచిదే పిల్ల, నాలుక కాస్త తియ్యన. నా ముఖం చూడలేదు, స్టవ్ మీద చాయ్ గిన్నెని చూస్తూ చెప్పింది. "పెద్దక్కా, నీకు మోకాళ్ల నొప్పులు గదా, గిన్ని మెట్లు ఎందుకు దిగుడు? రేపు పదకొండున్నరకు నేనే వచ్చి పెట్టె తీస్కపోత. ముడి గూడ నేనే ఏస్త." నా మోకాళ్ల మీద ఈ బిల్డింగుకి ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో! మొన్న నీళ్ల పైపు పగిలితే ఇవే మోకాళ్లతో మూడు మాళాలు బిందెలు మోశాను, ఒక్కరికీ జాలి కలగలేదు. సరేనన్నాను. ఇంకేమంటాను, మొగుడు పోయిన దాని చెయ్యి పెళ్లిపిల్ల మెడకి తగలకూడదని వాళ్లు అనలేదు, వాళ్లు అనని మాటకి నేనెలా జవాబు చెప్పేది? లచ్చమ్మ కాలంలో ఏం చేసేవారని గుర్తు చేసుకోబోయాను. లచ్చమ్మ ముత్తయిదువగానే పోయింది, ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. మేఘా వెళ్లాక చాయ్ పొంగి స్టవ్ మీద పోయింది, తుడిచాను, మళ్లీ తుడిచాను. అప్పుడు పెట్టె దించాను. నా చెయ్యి వద్దనుకుంటే పోనీ, వస్తువునైనా ఎవరూ వేలెత్తి చూపకూడదు, చావు ఇంట్లో ఉన్న పతకమని రేపు ఆ పిల్లకి చిన్న తలనొప్పి వచ్చినా నన్నే తలుచుకుంటారు. పెళ్లికూతురు రుతుజకి, సపన కూతురికి, ఏమీ కాకూడదు. పసుపు కలిపాను, నాలుగు తులసాకులు వేశాను, గోరువెచ్చటి నీళ్లలో పతకం ముంచాను. రాత్రంతా నాననివ్వాలనుకున్నాను, మైల గట్టిది గదా, నా మొగుడిది.

నీళ్లు చూపించకన్న మాట గుర్తులేక కాదు. దేవుడి తోడు, గుర్తుంది. కానీ దానికి నేనొక కారణం కట్టిపెట్టుకున్నాను, ఇన్నేళ్లూ అదే నిజమనుకున్నాను. లచ్చమ్మ ముక్కుపుడక ఒకసారి మోరీ చప్టా మీద బట్టలుతుకుతుంటే జారి తూములో పడిపోయింది, మాళా అంతా వంగి వెతికారు, దొరకలేదు, ఆ రోజు నించి ముసలమ్మకి నీళ్లంటే బంగారం మింగే భూతం. పతకం కూడా అలాగే తూములో పోతుందని భయపడి చెప్పిందనుకున్నాను. అందుకే మోరీకి దూరంగా, గూట్లో, ఇత్తడి గిన్నెలో పెట్టాను, పైన ప్లేటు మూశాను, నా తెలివికి నేనే మురిసిపోయాను.

పొద్దున ప్లేటు తీశాను. మొదట దీపం వెలుతురు సరిగా లేదనుకున్నాను, కిటికీ తెరిచాను, గ్యాలరీలోకి తెచ్చి ఎండలో పట్టుకున్నాను. కొంగులో మూటకట్టుకుని ఫోరస్ రోడ్డు వైపు పరుగెత్తాను, అక్కడ చిన్న కొట్టులో ఒక ముసలి కారీగరు పాత నగలు బాగుచేస్తాడు, ఇంకా షటరు సగమే ఎత్తాడు, కింద నించి వంగి దూరాను. కంటికి అద్దం పెట్టుకుని చూసి, "మాజీ, ఇస్కో పానీ దిఖాయా క్యా?" అన్నాడు. నీళ్లు చూపించావా అని, అచ్చం లచ్చమ్మ మాటే, పరాయి భాషలో. రాయి కింద పలచటి రేకు ఉంటుందట, ఆ రేకు మెరుపే రాయిలోంచి మనకి కనపడుతుందట, చుట్టూ లక్క పోసి మూసేస్తారట. గోరువెచ్చటి నీళ్లకి లక్క వదిలి నీళ్లు లోపలికి పోయాయి. "పత్థర్ నహీ మరా," అన్నాడు ఓదార్పుగా, "నీచేకా పత్తా మర్ గయా." రాయి చావలేదట, కింది రేకే చచ్చిందట. అంతా విప్పి కొత్త రేకు వేసి లక్క పోయాలి, పదిహేను రోజులు. పన్నెండింటికి పెళ్లి అన్నాను. ఆయన అద్దం తీసి బల్ల మీద పెట్టాడు, చాయ్ తెప్పించబోయాడు. చాయ్ దేనికి, నా మొహానికి!

పదకొండూ పంతొమ్మిది. ఏం చేయొచ్చో అన్నీ ఆలోచించాను. పోయిందని చెప్పొచ్చు, దొంగలెత్తుకుపోయారని, కానీ పోలీసులొస్తారు, పక్క ఖోలీ కూలి పిల్లల్ని పట్టుకుపోతారు. ఒంట్లో బాగాలేదని తలుపు వేసుకుని పడుకోవచ్చు, తలుపు విరగ్గొట్టి మరీ ఆస్పత్రికి మోసుకెళతారు, ఈ బిల్డింగు వాళ్లకి ఆ విషయంలో ఎంత ప్రేమో. ఫోరస్ రోడ్డులో గిల్టు సెట్లు అమ్ముతారు, పచ్చరాళ్లవి, దూరం నించి ఇలాగే ఉంటాయి, ఒకటి తెచ్చి పెట్టెలో పెడితే? చేతిలోకి తీసుకోగానే తేలిపోతుంది, ఈ పతకం మెడలో పడితే మనిషి కాస్త ముందుకు వంగుతుంది, ఆ బరువు ఎరగని ఆడది ఈ బిల్డింగులో లేదు. నాకూ తెలుసు. పద్దెనిమిదేళ్లప్పుడు గల్లీలో పందిరి కింద కూర్చుంటే లచ్చమ్మ వెనక నించి కట్టింది, చల్లగా గుండెల మీద తగిలింది, కాసేపటికి నా ఒంటి వేడికే వెచ్చబడింది. పక్కన ఈయన, అప్పుడు మీసాలు కూడా సరిగా లేవు, ఒక్కసారి ఓరగా చూసి, "బరువున్నదా?" అన్నాడు. అదే మొదటి మాట. ఉందనీ లేదనీ చెప్పలేదు, నవ్వొచ్చింది. ఇప్పుడు చెబుతున్నాను, వినండి, ఉంది, మోయలేకపోతున్నాను.

రుతుజ ఆరేళ్లప్పుడు నించి అడిగేది. మాకు పిల్లల్లేరు, వాళ్ల ఆయీ సపన పనికి పోతే ఆ పిల్ల సగం రోజు ఈ ఖోలీలోనే ఉండేది, నా కొంగు నోట్లో పెట్టుకుని నిద్రపోయేది. శుక్రవారం పెట్టె దించి పొడి దూదితో పతకం తుడుస్తుంటే ఎదురుగా కూర్చుని, "పెద్దమ్మా, ఇది నాది ఎప్పుడైతది?" అనేది. "నీ లగ్గం నాడు." "ఎవలు కడ్తరు?" "నేనే." "మరి నువ్వు సచ్చిపోతే?" "సస్తే గూడ వచ్చి కడ్త." పకపకా నవ్వేది. సపన నా మీద అలిగిన ఈ నాలుగు నెలలూ ఆ పిల్ల పైకి రాలేదు, ఆఫీసు నించి వస్తూ కింద నించి చెయ్యి ఊపేది, అంతే. పెళ్లికొడుకు వర్లి అబ్బాయి, అనికేత్, మనవాళ్లే, బుద్ధిమంతుడట. బిల్డింగు పడగొడతారని తలుపుల మీద ఎర్ర రంగుతో అంకెలు వేసి పోయారు, మళ్లీ కట్టేదాకా ఎవరు ఎక్కడ ఉంటారో తెలియదు, ఇక్కడి నించి వెళ్లే ఆఖరి పెళ్లికూతురు బహుశా రుతుజే. ఆఖరి దానికి ఈ నల్లరాళ్లు. ఏమవుతుంది, నలుగురి మధ్య సపన పెట్టె తెరుస్తుంది, చూస్తుంది, నన్ను తిట్టదు, ఆనాడు నేనన్న మాటకి జవాబుగా ఒక్కసారి పైకి చూస్తుంది. పెళ్లివారు చూస్తారు. అపశకునమంటారు. ఆ పిల్ల బతుకంతా, ఏ చిన్న కష్టమొచ్చినా, ఈ పూట గుర్తొస్తుంది. మేస్త్రీ పెళ్లాం మాత్రం ఏం చేసింది, చచ్చిన పిల్ల పతకాన్ని తెచ్చి బతికిన పిల్లలకి పెట్టింది, ఎవరూ దాన్ని కడగలేదు. ఇంత కాలం దాన్ని మెడలో వేసుకుని పెళ్లాడి, పిల్లల్ని కని, అందరూ బాగానే ఉన్నారు. ఈ మాట నాకు నిన్న సాయంత్రం ఎందుకు తోచలేదు? ఈ రోజు తోచి ఎవరికి లాభం?

మెట్లు చప్పుడవుతున్నాయి. పదకొండూ ఇరవై రెండే, ఇంకా ఎనిమిది నిమిషాలుంది గదా, ఇంత తొందరేమిటి మేఘాకి. కాదు, మేఘా కాదు. మేఘా మెట్టు మెట్టుకీ ఉస్సురంటుంది. పట్టీల చప్పుడు. మన చెక్క మెట్లలో ఈ మాళాకి వచ్చే వరసలో ఐదోది వదులు, ఎవరు తొక్కినా కిర్రుమంటుంది. ఇప్పుడు అనలేదు. దాన్ని దాటి ఆరో దాని మీద కాలు పెట్టే మనిషి ఒక్కతే ఉంది, చిన్నప్పుడు నేను నిద్రపోతుంటే లేవకుండా రావాలని నేర్చుకుంది. గిన్నె కొంగు కింద దాచాను. తలుపు తోసుకుని లోపలికొచ్చింది, పసుపు చీర, నుదుట బాసికం, మల్లెపూల జడ, ఒగరుస్తోంది.

"పెద్దమ్మా, జల్దీ. ఆయీకి బాత్రూమ్ పోయొస్త అని చెప్పి వచ్చిన."

"పిచ్చిదానా, పెండ్లిపిల్లవు గడప దాటొద్దు గదే. మేఘా వస్తనన్నది."

"మేఘా మౌషి కడితే నాకొద్దు. నువ్వు సస్తే గూడ వచ్చి కడ్త అన్నవు. బతికే ఉన్నవు గదా, కట్టు." చెప్పి, వెనక్కి తిరిగి, నా ముందు నేల మీద కూర్చుని, జడ ఎత్తి భుజం మీద ముందుకి వేసుకుంది.

నిన్న సాయంత్రం నించి నేను కోరుకున్నది ఇదే. సరిగ్గా ఇదే, ఈ మెడ, ఈ మాట. ఇప్పుడొచ్చింది. కొంగు కింద నించి గిన్నె తీశాను, పతకం ఇత్తడికి తగిలి మోగింది. కట్టేసి ఊరుకోవచ్చు, కిందికి పోయాకే చూసుకుంటుంది. అంత పాపం నా వల్ల కాలేదు. ఆ మెడ వెనకతోనే చెప్పాను. "రుతుజా, నేను దీన్ని కడిగిన. మీ పెదనాన మైల పోవాలె అని. పసుపు నీళ్లల్ల ఏసిన. రాళ్లు నల్లగైనయి బిడ్డా. ఏడిట్ల ఐదు. మంచిగ కాదట ఇప్పుడు."

తిరుగుతుందనుకున్నాను. తిరగలేదు. మెడ మీద సన్నటి వెంట్రుకలు, పసుపు స్నానం పసుపు ఇంకా అక్కడక్కడా. భుజాలు ఒక్కసారి పైకి లేచి దిగాయి. ఊపిరో, ఏడుపో, కోపమో. కింద డప్పు మొదలైంది, ఈసారి ఆపలేదు. మొదటి మాళా నించి సపన గొంతు, "రుతుజా! అగే, కుఠే గేలీస్?" ఎక్కడికి పోయావే అని. నేను పతకం గిన్నెలో వేయబోయాను.

"కట్టు పెద్దమ్మా," అంది. గొంతులో ఏముందో పోల్చుకోలేకపోయాను. "పిలుస్తున్రు."

కట్టాను. ముత్యాల పేటలు సరిచేశాను, తడి దారం వేళ్లకి అంటుకుంది, ముడి పడలేదు, జారింది, మళ్లీ వేశాను, మూడో ముడి కూడా వేశాను ఊడకుండా. తడికి మెడ ఒణికింది. దారం నించి పసుపు నీళ్ల చుక్క ఒకటి వీపు మీదికి జారింది, కొంగుతో తుడిచాను. జడ వెనక్కి వేసుకుంది, లేచింది, కుడిచెయ్యి గుండెల మీదికి పోయింది, పతకం మీద అరచెయ్యి మూసుకుంది, వెనక నించి నాకు మోచెయ్యి మాత్రమే కనపడింది. గడప దగ్గర ఒక్క క్షణం నిలబడింది. ఒక్కసారి ఇటు తిరుగు తల్లీ అనుకున్నాను. తిరగకుండానే వెళ్లిపోయింది.

ఇంకాసేపట్లో ఆ పిల్ల ముఖం గల్లీ అంతా చూస్తుంది. నాకు తప్ప అందరికీ తెలుస్తుంది. పట్టీల చప్పుడు మెట్లు దిగుతోంది, వింటున్నాను, ఒకటి, రెండు, పైవి దాటింది, ఇప్పుడు ఆ వదులు మెట్టు దగ్గరికి వచ్చింది, ఇరవై ఏళ్లుగా ఒక్కసారి కూడా దాని మీద అడుగు వేయని పిల్ల.

మెట్టు కిర్రుమంది.